కొండ వైపు నుంచి విశాఖ

విశాఖపట్నం వచ్చినవాళ్ళంతా ముందు సముద్రం దగ్గరికే పరిగెడతారు బాబూ. పరిగెట్టండి, నేనేటి వద్దంటానా? ఇంత దూరం వచ్చి అలలో కాలు పెట్టకుండా పోతే మీకే వెలితిగా ఉంటుంది. కాకపోతే వారం రోజులు సెలవు పెట్టుకొచ్చామన్నారు కదా, అందుకని చెప్తున్నాను. ఆ ఒడ్డున అంత ఊరు ఎలా లేచిందో తెలియాలంటే ముందు కొండెక్కండి, ఆ తరవాతే పట్నం దిగండి. ఊరికి తాగడానికి నీళ్ళు పంపింది కొండ, చెయ్యడానికి పని పంపిందీ కొండే. నేను పుట్టింది ఈ శృంగవరపుకోటలో. అటు చూస్తే అనంతగిరి, ఇటు దిగితే పట్నం. ఆ రెంటి మధ్య రైలు పట్టాల మీదే నా బతుకంతా గడిచింది. అమ్మా, నువ్వు ఇటు జరుగు, పొగ నీ కళ్ళల్లోకి కొడుతోంది. ఆ తేగలు ఇంకాస్త కాలాలి, అప్పుడే తియ్యకు.

మా నాన్న రేవులో కూలీ. ఆయన నోట విన్నవే ముందు చెప్తాను. రేవు కట్టకముందు ఓడలు ఒడ్డుకి వచ్చేవే కావట. దూరంగా లంగరేసి నిలబడితే, ఇక్కణ్ణించి మసూలా పడవల్లో సరుకు వేసుకుని అలలు దాటించేవారు. ఆ పడవకి మేకన్నది ఉండదు. చెక్కల్ని కొబ్బరి తాడుతో కుట్టేవారు. మేకులు దిగ్గొట్టిన పడవైతే అల ఒక్కసారి విసిరికొట్టేసరికి పగిలిపోతుంది, కుట్టిన పడవ కాస్త వంగి తట్టుకుంటుంది. ఇప్పుడు మీరు చూసే లోపలి రేవు ఉన్నచోట అప్పుడు ఉప్పుటేరు, బురద. డాల్ఫిన్ నోస్ కొండ చాటున ఆ బురదంతా తవ్విపోశారు. అలలు లోపలికి రాకుండా రెండు పాత ఓడల్ని ముంచేసి అడ్డుకట్ట చేశారు. 1933 డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి రేవుని ప్రారంభించాడు. ఎందుకు కట్టారనుకున్నారు? మధ్య పరగణాల్లో మాంగనీసు ఉంది. దాన్ని దింపడానికి రాయపూర్ నుంచి విజయనగరం దాకా రైలు మార్గం వేశారు. ఆ మార్గానికి ఓ రేవు కావాల్సి వచ్చింది. అప్పటి నుంచీ ఇదే వరస. కొండల్లో ఏదో ఒకటి దొరుకుతుంది, దాన్ని దింపుకోడానికి ఒడ్డున ఊరు పెరుగుతుంది.

1942 ఏప్రిల్ 6న ఆ రేవు మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. నేనప్పటికి పుట్టలేదు, మా అమ్మ చెప్పేది. మూటలు నెత్తినెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని, జనం ఈ దారినే పల్లెలకి నడిచొచ్చేశారట. పట్నం సందుల్లో కుక్కలు తప్ప మనిషి జాడ లేదట. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్నే గుంటూరుకి తరలించారు, యుద్ధం అయ్యాక గానీ అది వెనక్కి రాలేదు. మా నాన్న మాత్రం కొన్నాళ్ళకే తిరిగెళ్ళిపోయాడు. కూలి అక్కడే కదా దొరికేది.

మరి ఆ బాంబులేసి ఇరవై ఏళ్ళు తిరక్కుండానే, ఆ జపానుకే ఇనుప రాయి అమ్మడానికి మనవాళ్ళు ఒప్పందం చేసుకున్నారు. అటు బస్తరులో బైలదిల్లా కొండలున్నాయి, ఆ కొండల నిండా ఇనుమే. దాన్ని రేవుకి దింపడానికే కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఈ కేకే లైను వేశారు. నాలుగు వందల నలభై కిలోమీటర్ల పైమాట. "ఓడ వస్తే కూలి వస్తుంది, ఎవడి ఓడైతే ఏటి?" అన్నాడు మా నాన్న. నన్ను మాత్రం రేవుకి పంపలేదు, లైను పనికి పంపాడు.

మీసాలు మొలుస్తున్న వయసు నాది. మందుగుండు పెట్టి కొండని పేల్చేవారు. పొగ సర్దుకున్నాక మేం తట్టలతో లోపలికెళ్ళి రాయి ఎత్తిపోసేవాళ్ళం. మన్నెం జ్వరం తగిలి ఎంతమంది దిగిపోయారో. ఒక్కో డేరాలో సగం మంది దుప్పట్లు కప్పుకుని వణుకుతుంటే, మిగతా సగం మంది పనికెళ్ళేవారు. ఆ లైను మీద 58 సొరంగాలు, 84 వంతెనలు. అందరూ ఆ లెక్క చెప్పి ఊరుకుంటారు. నాకైతే ఆ లెక్క వింటే రాయి ఎత్తిన మనుషులే గుర్తొస్తారు. శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు, కొండమీద పల్లెల వాళ్ళు. ఆళ్ళ పేర్లు ఏ బోర్డు మీదా లేవు. అందుకే, సొరంగం రాగానే అందరూ ఈలలేసి అరుస్తారే, ఒక్క సొరంగంలోనైనా అరవకుండా గోడ చూడండి. కొన్నిచోట్ల లోపల సిమెంటు పూత ఉండదు, రాయి రాయిలాగే ఉంటుంది.

తరవాత నన్ను రైల్వేలోకి గ్యాంగ్‌మ్యాన్‌గా తీసుకున్నారు. వానాకాలం వస్తే మా పని చెప్పక్కర్లేదు. ఏ క్షణాన ఏ బండ జారుతుందో తెలీదు. రైలు కంటే ముందు మేం నడవాలి. భుజాన పొడుగు కర్ర సుత్తి, చేతిలో లాంతరు. పట్టాని పట్టి ఉంచే చీలని సుత్తితో కొట్టుకుంటూ పోతాం. బిగువుగా ఉంటే ఖంగుమని మోగుతుంది, వదులైతే మొద్దుగా పలుకుతుంది. చీకట్లో, సొరంగంలో, కళ్ళతో పని లేదు, చెవే చెప్తుంది. సొరంగం గోడ నుంచి చెమ్మ కారుతుంటే, ఆ నీటి చప్పుడుకీ సుత్తి చప్పుడుకీ తేడా పట్టాలి. ఎక్కే రైలంటే మాకు భయం ఉండేది కాదు. దిగే రైలంటేనే భయం. ఖాళీ పెట్టెలు ఎక్కుతాయి, ఇనుప రాయి నింపుకున్నవి దిగుతాయి. అంత బరువుతో ఆ వంపుల్లో దిగుతున్నప్పుడు బ్రేకులు కాలిన వాసన రైలు దాటిపోయాక కూడా చాలాసేపు ఉండేది. ఎర్రటి దుమ్ము మా ఒంటి మీద, అన్నం గిన్నెల మీద, పట్టాల పక్కనున్న ఆకుల మీద.

కాబట్టి రేపు మా స్టేషన్లోనే కిరండూల్ ప్యాసింజరు ఎక్కండి. ఇప్పుడు అద్దాల పెట్టెలు కూడా వచ్చాయి, 2017లో వేశారు. పైకప్పు కూడా అద్దమే. బాగుంటుంది గానీ దానికి ముందుగా టిక్కెట్టు చేసుకోవాలి, మీరు చేసుకోలేదు. ఏం పరవాలేదు, మామూలు పెట్టెలో కిటికీ తెరుచుకుంటుంది, కొండగాలి మొహానికి తగులుతుంది. బొడ్డవర దాకా పొలాలే. అది దాటాక చెవులు దిబ్బడేస్తాయి. అప్పుడు వెనక పెట్టెలో ఉంటే, వంపులో మీ రైలు ఇంజను మీకే కనిపిస్తుంది. త్యాడ, చిమిడిపల్లి అని చిన్న చిన్న స్టేషన్లు. దొరికితే అక్కడ సీతాఫలమో జామకాయో కొనుక్కోండి. అరకుకి ముందు శిమిలిగుడ వస్తుంది. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. దేశంలో బ్రాడ్‌గేజి స్టేషన్లన్నిట్లోకీ ఇదే ఎత్తని చాలా ఏళ్ళు దానికి పేరుండేది.

బొర్రాలో దిగండి. గుహలు సున్నపురాయివి. పైనుంచి నీటి బొట్టు కారుతూ కారుతూ సున్నం పేరుకుని, కొన్ని కిందికి వేలాడుతాయి, కొన్ని నేల నుంచి లేస్తాయి, ఎన్ని వేల ఏళ్ళకో రెండూ కలిస్తే స్తంభం అవుతుంది. ఇది శివపార్వతులు, ఇది తల్లీబిడ్డ అని చూపిస్తారు. చూపించనివ్వండి, చెప్పేది ఆ ఊరి కుర్రాళ్ళే. వెనకటికి పైన మేస్తున్న ఓ ఆవు కన్నంలోంచి లోపల పడిపోయిందట. వెతుక్కుంటూ దిగిన కాపరికి ఆవు బతికే కనిపించింది, పక్కన లింగమూ ఉంది. గోస్తనీ నది పుట్టింది అక్కడేనని మావాళ్ళ నమ్మకం. శివరాత్రికి ఇప్పటికీ చుట్టుపక్కల కొండ ఊళ్ళన్నీ అక్కడికే కదులుతాయి.

ఇంకో సంగతి అక్కడ ఎవరూ చెప్పరు గానీ నేను చెప్పాలి. బొర్రా చుట్టూ ఉన్న గిరిజనుల భూముల్లో గనులు తవ్వుకోడానికి ప్రైవేటు వాళ్ళకి లీజులిచ్చారు. సమత అనే సంస్థ కోర్టుకెళ్ళింది. 1997లో సుప్రీంకోర్టు, ఏజెన్సీ భూముల్ని గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి గనుల కోసం లీజుకివ్వడం చెల్లదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు గురించి దేశంలో పెద్ద పెద్ద లాయర్లు చదువుకుంటారట. అది పుట్టింది మీరు టిక్కెట్టు కొనుక్కుని చూసే ఆ గుహల పక్క పల్లెల్లో. కొండలోంచి ఇనుము దింపిన లైను మీద పనిచేసినవాణ్ణి నేను. కొండని తవ్వడం ఎక్కడ ఆపాలో ఎవరో ఒకరు చెప్పాలి కదా బాబూ. ఆళ్ళు చెప్పారు.

అరకు ఈ మార్గశిరంలో చూడాలి. వలిసె పూలు చివరికొచ్చేసి ఉంటాయి. అయినా అక్కడక్కడా పసుప్పచ్చగా ఇంకా ఉంటాయి. ఫోటోల కోసం చేలోకి దిగి తొక్కకండి, అది నూనె గింజ, ఓ ఇంటివాళ్ళ ఏడాది కష్టం. కాఫీ పండ్లు ఎర్రబడి కోతలు జరుగుతుంటాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే మిరియం తీగ. ఒక్కో కొమ్మకి పండినవి మాత్రం చూసి కోస్తారు, పచ్చివి ఉంచేస్తారు, మళ్ళీ వారానికి అదే చెట్టు దగ్గరికి వస్తారు. అందుకే చెయ్యి ఊరికే లాగదు, ఏరుతుంది. కాఫీ తాగే ముందు కాస్సేపు ఆ చేతులు చూడండి. వారపు సంత తగిలితే వదలకండి. అడ్డాకుల కట్టలు, చీపుళ్ళు, పసుపు, చింతపండు, రాజ్‌మా. హోటళ్ళల్లో డబ్బులిచ్చి ఆడించే ధింసా కూడా ధింసాయే, కాదనను. కానీ ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుని, తుడుం చప్పుడుకి పాదం కలిపి పండగ పూట వాళ్ళ ఊళ్ళో ఆడుతుంటే దాని అందం వేరు.

ఇంకో రెండు రోజులు పెట్టగలిగితే అదే రైలు మీద ముందుకి పోండి. కోరాపుట్, జైపూర్ దాటి జగదల్‌పూర్. అక్కణ్ణించి చిత్రకోట. ఇంద్రావతి నది అంత వెడల్పునా ఒక్కసారే కిందపడుతుంది. వానల్లో ఎర్రగా ఉరుముతుంది, ఈ కాలంలో తెల్లగా పాయలు పాయలుగా దిగుతుంది. నాకు వానాకాలందే ఇష్టం గానీ, వానల్లో ఆ లైను మీద మిమ్మల్ని పొమ్మనడానికి నాకు మనసొప్పదు.

తిరిగొచ్చేటప్పుడు మాత్రం రైల్లో రాకండి, రోడ్డున దిగండి. తాటిపూడి దగ్గర ఆగండి. బొర్రాలో చూసిన ఆ గోస్తనీకే 1960ల్లో ఇక్కడ ఆనకట్ట కట్టారు. విశాఖ ఊరికి తాగునీళ్ళు ఇక్కణ్ణించి కూడా పోతాయి. పట్నంలో మీరు దిగబోయే హోటల్లో కుళాయి తిప్పితే కొండ నీళ్ళు రావచ్చు. అక్కణ్ణించి నది వెంబడే పోతే భీమిలి. గోస్తనీ సముద్రంలో కలిసే చోటు అది. పొద్దున్నపూట వెళ్తే మొగ దగ్గర ఏటినీళ్ళ రంగు, సముద్రం రంగు వేరువేరుగా తెలుస్తాయి. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు అక్కడ వర్తకం పెట్టుకున్నారు. వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, పిరమిడ్లలాగా మొన తేలి. ఎక్కడో చలిదేశం నుంచి బట్టల బేరానికొచ్చి మన ఉప్పుగాలిలో పోయినవాళ్ళు. 1861లోనే అక్కడ మునిసిపాలిటీ ఉందంటే, భీమిలి అప్పటికే ఏపాటి ఊరో మీరే అనుకోండి.

భీమిలి నుంచి పట్నానికి ఒడ్డు రోడ్డునే రండి. దారిలో ఎర్రమట్టి దిబ్బలు. వాటిని 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించారు. గాలి పోసిన ఇసక, ఎన్నో వేల ఏళ్ళకి ఎర్రబడి గట్టిపడింది, మళ్ళీ వాన కోసి లోయలు చేసింది. అడుగున నడవండి, అంచుల మీద ఎక్కకండి. మీ కాలి కింద జారిన మట్టి మళ్ళీ పైకెక్కదు. ఆ తరవాత తొట్లకొండ. 1976లో నౌకాదళం వాళ్ళు పైనుంచి సర్వే చేస్తుంటే బయటపడింది బౌద్ధుల మఠం. రెండు వేల ఏళ్ళ కిందటి సన్యాసులు కొండమీద రాతిలో తొట్లు తొలిచి వాననీళ్ళు పట్టుకున్నారు. ఎదురుగా అంత సముద్రం, గుక్కెడు తాగడానికి పనికిరాదు. తొట్టి పక్కన నిలబడి చూస్తే ఆళ్ళ తెలివి అర్థమవుతుంది.

ఇప్పుడు పట్నం. బీచి రోడ్డుకి పోయేముందు వన్‌టౌన్‌కి పోండి. ఇది మార్గశిరం కాబట్టి గురువారం పడేలా చూసుకోండి. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి ఈ నెల గురువారాలంటే జాతరే. అమ్మకి పైకప్పు లేదు, ఎండా వానా అమ్మ మీదే. పూజారి కోసం చూడక్కర్లేదు, ఎవరి చేత్తో వాళ్ళే పసుపు, కుంకుమ, పాలు పోసుకోవచ్చు. మా అమ్మ నన్ను ఎత్తుకెళ్ళి నా చేత్తోనే పసుపునీళ్ళు పోయించిందట. చేపలమ్మే ఆవిడైనా, షావుకారు భార్యైనా ఒకటే వరస. అక్కణ్ణించి రేవు వైపు నడిస్తే మూడు కొండలు కనిపిస్తాయి, వెంకటేశ్వరుడి గుడి, ఇసాక్ మదీనా దర్గా, మేరీమాత చర్చి, ఒకదాని పక్కన ఒకటి. సముద్రం మీదికి పోయే ఇంటివాళ్ళు మూడింటికీ మొక్కుతారు. 1904 నాటి టౌన్ హాలు, కురుపాం మార్కెట్టు ఆ పక్కనే. కాళ్ళతో నడిచి తిరగాల్సిన సందులవి, కారు తీసుకుపోకండి.

బీచి మీద కుర్సురా సబ్‌మెరైన్ చూడండి. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో తిరిగింది, మరుసటేడు ఒడ్డుకి లాగి మ్యూజియం చేశారు. లోపల మనిషి పక్కకి తిరిగితే గోడ తగులుతుంది. అందులో డెబ్భైమందికి పైగా నెలల తరబడి ఉండేవారు. చూపించేవాళ్ళు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్ళు, అడిగితే చెప్తారు. దానికి దగ్గర్లోనే 1971 యుద్ధం స్తూపం ఉంది. ఆ డిసెంబరులో ఊరంతా దీపాలార్పేశారు, కిటికీలకి నల్ల కాగితాలు. 3వ తేదీ అర్ధరాత్రి దాటాక సముద్రంలో పేలిన చప్పుడుకి ఒడ్డునున్న ఇళ్ళల్లో జనం ఉలిక్కిపడి లేచారు. కొన్ని రోజులకి తెలిసింది, పాకిస్తాను సబ్‌మెరైను ఘాజీ మునిగిందని. ఇప్పటికీ ఆ నీళ్ళ అడుగునే ఉంది.

ముంత మసాలా తినండి, మొక్కజొన్న పొత్తు తినండి. ఆర్కే బీచిలో మాత్రం నీళ్ళల్లోకి పోకండి నాయనా. అల వెనక్కి లాగే ఊపు పైకి కనిపించదు. ఏటేటా బయటి ఊళ్ళ పిల్లలే పోతున్నారు. కాలు తడుపుకుని వచ్చెయ్యండి.

సింహాచలం సంగతి వేరే చెప్పాలా? మా ఇళ్ళల్లో అప్పన్నో, అప్పలరాజో, సింహాచలమో లేని ఇల్లు లేదు. ఏడాది పొడుగునా స్వామి చందనంలో ఉంటాడు, వైశాఖంలో ఒక్క రోజే నిజరూపం. ఆషాఢ పున్నమి ముందు గిరిప్రదక్షిణకి లక్షల మంది ఆ కొండ చుట్టూ 32 కిలోమీటర్లు కాళ్ళతో నడుస్తారు. దారిలో ఇళ్ళవాళ్ళు మజ్జిగ, మంచినీళ్ళు, అరటిపళ్ళు పట్టుకుని నిలబడతారు. నేను నడిచినన్నాళ్ళూ చూశాను, ఎవరూ ఎవరి కులం అడగలేదు, చెయ్యి చాపితే గ్లాసు పెట్టారు. మీరు బస్సెక్కకుండా మెట్ల దారిన ఎక్కండి. పక్కన గంగధార నీళ్ళ చప్పుడు, సంపెంగ తోటలు.

దక్షిణానికి పోతే ఏటికొప్పాక, అంకుడు కర్ర బొమ్మలు, ఆకుల, గింజల రంగులు. అనకాపల్లి బెల్లం, శంకరం దగ్గర బొజ్జన్నకొండ. ఒక పూట చాలు. మీకు మిగిలే రోజు మాత్రం ఉత్తరానికి పెట్టుకోండి. అరసవల్లి సూర్యుడు, శ్రీకూర్మంలో తాబేలు రూపాన ఉన్న విష్ణువు అందరూ చూసేవే. నేను పంపేది పొందూరుకి.

పొందూరు ఖద్దరు పేరు వినే ఉంటారు. అక్కడ పత్తిని శుభ్రం చెయ్యడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు. సన్నటి పళ్ళుంటాయి దానికి, దువ్వెనకంటే సన్నం. చిటికెడు చిటికెడు పత్తి తీసుకుని, గింజని అంటుకున్న పోగుల్ని ఆ ఎముకతో దువ్వి సాపు చేస్తారు. అలా దువ్వాక గింజ తీసి, ఏకి, వడుకుతారు. ఆ దువ్వుడు దగ్గర కూర్చునే వాళ్ళంతా ఆడవాళ్ళు, చాలామంది నా ఈడువాళ్ళు. చూపు తగ్గినా వేళ్ళకి పోగు తెలుస్తుంది. నేర్చుకుందామని వచ్చే పిల్లలు తక్కువ, కూలి గిట్టదు మరి. బట్ట కొంటే దుకాణంలో కొని వచ్చెయ్యకండి, వడికే ఇంటికెళ్ళి ఆ ముసలమ్మల పక్కన ఓ గంట కూర్చోండి, అడిగితే ఎముక మీ చేతికిస్తారు. ఆ గంట కూర్చున్నాక పంచె ధర మీకు ఎక్కువనిపించదు, బేరం ఆడబుద్ధీ కాదు. పొందూరులో ప్యాసింజరు ఆగుతుంది. పొద్దున్నే విశాఖలో ఎక్కితే మధ్యాహ్నం భోజనాల వేళకి పని చూసుకుని, సాయంత్రం బండికి తిరిగొచ్చెయ్యొచ్చు. కొంటే నాకూ ఓ తువ్వాలు పట్రండి, డబ్బులు నేనిస్తాను.